పూత నిండుగా ఉంది, పిందె పడటం లేదు!

ప్రశ్న: పెరట్లో కర్రలు పాతి రన్నర్ బీన్స్ పాకించానండి. తీగలు నా ఎత్తు దాటిపోయాయి, ఎర్రటి పూలు గుత్తులుగా వస్తున్నాయి, కానీ పూసినవి పూసినట్టే రాలిపోతున్నాయి. ఇంతవరకు పది కాయలు కూడా కోయలేదు. యూరియా వేశాను, పేనుబంక పట్టిందని పురుగుమందు కొట్టాను. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: ముందు ఆ యూరియా ఆపేయండి. ఇది చిక్కుడు జాతి మొక్క, వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని అదే సమకూర్చుకుంటుంది. ఇంకా వేస్తే ఆకు, తీగ ఏపుగా వస్తాయి, కాపు మాత్రం తగ్గుతుంది.

నాకు ఎక్కువ అనుమానం మీరు కొట్టిన మందు మీదే. ఫ్రెంచ్ బీన్స్ పువ్వు ఎవరి సాయం లేకుండా కాయ కడుతుంది, రన్నర్ బీన్స్ అలా కాదు, తేనెటీగో తుమ్మెదో పువ్వు మీద వాలి దాన్ని కదిలిస్తేనే పరాగ సంపర్కం సరిగ్గా జరిగి పిందె పడుతుంది. పూత మీద మందు కొడితే ఆ ఈగలే చచ్చిపోతాయి, లేదా ఆ పక్కకి రావు. పేనుబంకని వేళ్ళతో నలిపేయండి, లేకపోతే నీటిధారతో కడిగేయండి, చాలు. రాలిన పూలని ఒకసారి తిప్పి చూడండి, అడుగున చిన్న కన్నం కనిపిస్తే పొట్టి నాలుక ఉన్న తుమ్మెదలు పక్కనుంచి కొరికి తేనె తాగేశాయని అర్థం. అలా తాగితే పుప్పొడి అంటదు, కాయ కట్టదు.

ఇక వేడి. ఈ తీగ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా కొండ ప్రాంతాల్లోని చల్లటి నేలలు. పగలు 30 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పూత నిలవదు, దానికి మనం చేయగలిగింది తక్కువ. అలాగని విసుగొచ్చి పీకేయకండి, దయచేసి! వాతావరణం చల్లబడగానే అదే తీగ మళ్ళీ పూసి కాస్తుంది. ఈలోగా వేర్లు ఎండకుండా చూసుకోండి. చాలామంది పూల మీద నీళ్ళు చల్లుతారు, దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు, ఆ నీళ్ళేవో తీగ మొదలు దగ్గర నేల లోతుగా తడిసేలా పోసి పైన ఎండుగడ్డి పరవండి.

కాపు మొదలయ్యాక రెండు మూడు రోజులకోసారి లేతగా కోసేయాలి. గింజ ఉబ్బే దాకా ఉంచితే కాయ పీచు పడుతుంది, తీగ కూడా కొత్త పూత తగ్గించేస్తుంది.

ప్రశ్న: ముదిరిన కాయల్లో ఊదా రంగు మచ్చల గింజలు వచ్చాయి. తినొచ్చా?

జవాబు: తినొచ్చు, కానీ పచ్చివి వద్దు, వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లించి, తర్వాత మెత్తబడే దాకా ఉడికించండి. సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచే స్లో కుకర్‌లో మాత్రం నేరుగా వేయకండి, ఆ వేడికి విషం విరగదు.