యాగి యాంటెన్నా లాభాన్ని కొలిచేదెలా?

ప్రశ్న: 145 మెగాహెర్ట్జ్ కోసం అయిదు కడ్డీల యాగి యాంటెన్నా (ఒకే దిక్కు నుంచి వచ్చే సిగ్నల్‌ను బాగా పట్టేది) తయారు చేసుకొని డాబా మీద నిలబెట్టాను. పరకాలలోని మిత్రుడు మాట్లాడుతున్నప్పుడు నా హ్యాండ్‌సెట్‌లో అయిదు గీతలు కనిపిస్తాయి. యాంటెన్నాను రెండడుగులు జరిపితే రెండే మిగులుతాయి. దీని అసలు బలాన్ని, అంటే లాభాన్ని (గెయిన్), కొలిచేదెలా? - ఒక హ్యామ్ (ఔత్సాహిక రేడియో ఆపరేటర్), హన్మకొండ

జవాబు: ఆ తేడాకు కారణం మీ యాంటెన్నా కాదు, మీ డాబా. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 2.07 మీటర్లు, నేరుగా వచ్చే తరంగమూ, నీళ్ల ట్యాంకుకో పిట్టగోడలోని ఇనుముకో తగిలి వెనక్కి వచ్చే తరంగమూ కలిసినప్పుడు, సిగ్నల్ హెచ్చుగా ఉన్న చోటి నుంచి తగ్గే చోటికి అర మీటరు దూరమే ఉండవచ్చు. పైగా హ్యాండ్‌సెట్ గీతలు కొలతలు కావు, అంచనాలు మాత్రమే.

అందుచేత విడిగా ఒక అంకె కోసం వెతకకుండా, ఒక డైపోల్‌తో (మధ్యలో కేబుల్ కలిపే, రెండు కడ్డీల సాదా యాంటెన్నా) పోల్చి చూడండి. మొత్తం 98 సెంటీమీటర్ల పొడవున్న అర్ధతరంగ డైపోల్ చేసుకొని, కోతలు అయిన తరువాత హసన్‌పర్తి వైపు కరెంటు తీగలు లేని ఖాళీ చేనుకు రెండింటినీ తీసుకెళ్లండి. లైసెన్సు ఉన్న మీ మిత్రుడు కనీసం యాభై మీటర్ల అవతల, కర్రకు కట్టిన సెట్టు నుంచి తక్కువ పవర్‌తో ప్రసారం చేయాలి. ఒకే కర్ర, ఒకే ఎత్తు, ఒకే కేబుల్ వాడి, మొదట డైపోల్‌తో ఎన్ని గీతలు వచ్చాయో రాసుకోండి. తరువాత యాగిని బిగించి, సెట్టుకు ముందు ఒక్కో డెసిబెల్ (సిగ్నల్ బలాలను పోల్చే కొలమానం) చొప్పున మార్చగల అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తెలిసిన మేరకు తగ్గించే పరికరం) పెట్టి, గీతలు మళ్లీ అంతకే దిగేదాకా తగ్గింపును పెంచండి. ఎన్ని డెసిబెళ్లు పెంచారో అదే డైపోల్ కంటే యాగికి ఉన్న లాభం. రెండింటి కడ్డీలూ మిత్రుని యాంటెన్నా లాగే నిలువుగా ఉండాలి. ఒకటి అడ్డంగా ఉంటే 20 డెసిబెళ్ల దాకా సిగ్నల్ పడిపోవచ్చు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. ప్లాస్టిక్ పెట్టె ఉన్న హ్యాండ్‌సెట్‌లోకి సిగ్నల్ అటెన్యుయేటర్‌తో సంబంధం లేకుండా నేరుగా చొరబడుతుంది. కేబుల్ ఊడదీసి చూడండి. అప్పటికీ గీతలు కనిపిస్తుంటే మిత్రుణ్ణి ఇంకా దూరం పంపాలి.

నేల నుంచి వచ్చే ప్రతిఫలనం ఇక్కడా ఉంటుంది కనుక కర్రను నాలుగైదు చోట్లకు, రెండు మూడు ఎత్తులకు మార్చి సగటు తీయండి. ఈ యాగికి డైపోల్ మీద 7 నుంచి 9 డెసిబెళ్లు వస్తే మీ పనితనం బాగున్నట్లే. 15 వచ్చిందంటే సంబరపడక ముందు డైపోల్ టంకాన్ని పరీక్షించండి.