హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక ఎండ తగిలితే గ్రాఫ్ట్‌లు చచ్చిపోతాయా?

సర్జరీ అయి 12 రోజులైందని, తలమీద ఏమీ లేకుండా ఓ 20 నిమిషాలు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడాల్సి వచ్చిందని, రక్తమేమీ కనిపించలేదు గానీ అప్పటి నుంచి నాటిన వెంట్రుకలన్నీ పాడైపోయాయేమోనని నిద్ర పట్టడం లేదని రాశారు. మీకు ముందు కావాల్సిన జవాబు ఇదీ: ఆ 20 నిమిషాల వల్ల కుదుళ్లతో సహా నాటిన ఆ వెంట్రుకలు, అంటే గ్రాఫ్ట్‌లు చచ్చిపోవు. నేనూ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నవాణ్ణే, ఈ టెన్షన్ ఎలా ఉంటుందో బాగా తెలుసు.

ఎందుకు పోవంటే, నాటిన వెంట్రుక కుదురు చర్మం లోపల దాదాపు 4, 5 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని కాల్చే యూవీబీ పైపొరలోనే చాలావరకు ఆగిపోతుంది. యూవీఏ ఇంకాస్త లోపలికి వెళ్తుంది గానీ అంత లోతుకి చేరదు. పైగా మామూలుగా 10 రోజులు దాటేసరికి గ్రాఫ్ట్‌లు చర్మంలో కుదురుకుని ఉంటాయి. మొదటి రోజుల్లో గ్రాఫ్ట్ నిజంగా ఊడి వస్తే ఆ చోట సాధారణంగా రక్తం కనిపిస్తుంది. మీకు అలాంటిదేమీ లేదన్నారు కదా, ఆ భయం వదిలేయండి.

అలాగని ఎండని తేలిగ్గా తీసుకోమని కాదు. దెబ్బ తినేది వెంట్రుక కుదురు కాదు, పైనున్న చర్మం. మానుతున్న చర్మం మీద ఎండ పడితే సర్జరీ వల్ల వచ్చిన ఎరుపు తొందరగా తగ్గదు. మనలాంటి గోధుమరంగు, చామనఛాయ చర్మాల మీద అది నల్లటి మచ్చలుగా మారి నెలల తరబడి ఉండిపోవచ్చు. బాగా కాలి బొబ్బలెక్కితే మానడమే ఆలస్యమవుతుంది.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. సర్జరీ తర్వాత నెత్తిమీద కొన్ని వారాలు స్పర్శ సరిగ్గా ఉండదు. నాకైతే ముందుభాగం మొద్దుబారి, వేలితో తాకినా ఎవరిదో తల తాకినట్టుండేది. అంటే మామూలుగా మాడు చుర్రుమనగానే నీడలోకి వెళ్లిపోతామే, ఆ హెచ్చరిక అప్పుడు అందదన్నమాట. "ఏమీ మంట లేదు కదా" అని ఎండలో ఉండిపోకూడదు. అందుకే నేను ఒంటికి తెలిసేదాన్ని నమ్మకుండా గడియారాన్ని, నీడని నమ్మాను. మన నీడ మనకంటే పొట్టిగా ఉందంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టే. ఫోన్‌లో యూవీ ఇండెక్స్ (అతినీలలోహిత కిరణాల తీవ్రతని చెప్పే అంకె) చూసే అలవాటుంటే, అది 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తల కప్పుకోవాల్సిందే. మబ్బు పట్టినా ఆ కిరణాలు చాలావరకు కిందికి వస్తాయి, కిటికీ అద్దంలోంచి కూడా యూవీఏ వస్తుంది.

కప్పుకోవడానికి నా ఓటు గొడుగుకే. తలకి తగలదు, చెమట పట్టించదు, మొదటి రోజు నుంచీ వాడుకోవచ్చు. జనం చూస్తారని మొహమాటపడకండి. టోపీ అయితే మీ సర్జన్ సరేనన్నాకే, అదీ వదులుగా, అంచు గ్రాఫ్ట్‌ల మీద రాసుకోకుండా ఉండేది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఈడ్చకుండా నిటారుగా పైకెత్తాలి. హెల్మెట్ సంగతి మీరు అడగలేదు గానీ, దానికి ఇంకా ఎక్కువ రోజులు ఆగమంటారు, తప్పకుండా అడిగి తెలుసుకోండి.

సన్‌స్క్రీన్ ఇప్పుడే రాయకండి. పక్కులన్నీ రాలిపోయి, చర్మం పూర్తిగా మూసుకున్నాకే రాయాలి. చాలామంది సర్జన్లు దాదాపు ఒక నెల ఆగమంటారు. ఆ తర్వాత ఎస్పీఎఫ్ 30 కానీ అంతకంటే ఎక్కువది కానీ, రుద్దకుండా మెత్తగా అద్దండి. తలవెనక వెంట్రుకలు తీసిన చోటుని (డోనర్ ఏరియా) మర్చిపోవద్దు, అదీ గాయమే. ఎఫ్‌యూటీ (తలవెనక చర్మాన్ని పట్టీలా కోసి వెంట్రుకలు తీసే పద్ధతి) చేయించుకుని కుట్ల గీత ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి, ఆ మచ్చ ఎండకి నల్లబడుతుంది. ఎన్నాళ్లు అంటే, నా లెక్క రోజులతో కాదు రంగుతో: ఆ గులాబీ ఛాయ పోయి నెత్తి అంతా ఒకే రంగుకి వచ్చేదాకా.

మీ మందుల చీటీ ఒకసారి చూడండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే అది చర్మాన్ని ఎండకి త్వరగా కందిపోయేలా చేస్తుంది. ఉంటే మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకి చెప్పండి.

ఇకపోతే అసలు భయపెట్టేది ముందుంది, ఇప్పుడే చెప్తాను. ఇంకో వారం రెండు వారాల్లో నాటిన వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. దిండు మీద, స్నానం చేసిన చోట కనిపిస్తాయి. అప్పుడు మీ మనసు నేరుగా ఈ 20 నిమిషాల ఎండ మీదికే పోతుంది. నాకూ అలాగే జరిగింది. ఆ ముందురోజే కాస్త ఎండలో నడిచాను, అందుకే రాలుతున్నాయని గట్టిగా నమ్మేశాను. సర్జన్‌కి ఫొటో పంపితే, చీకటి గదిలో కూర్చున్నా ఇవి రాలిపోయేవే అన్నారు. దీన్నే షెడ్డింగ్ అంటారు. వెంట్రుక రాలినా కుదురు లోపలే ఉంటుంది, 3, 4 నెలలకి కొత్త మొలకలు కనిపిస్తాయి, పూర్తి ఫలితానికి ఏడాది దాకా పడుతుంది. మాడు దగ్గరైతే ఇంకొన్ని నెలలు ఎక్కువే.

ఇవాళ చేయాల్సింది: వెలుతురులో నెత్తి ఫొటో తీసి సర్జన్‌కి పంపి, ఎంతసేపు ఎండలో ఉన్నారో చెప్పండి. కందిన చోట నూనెలు, జెల్‌లు సొంతంగా పూయకండి, ఐస్ పెట్టకండి, పొట్టు లేస్తే పీకకండి. బొబ్బలు, చీము, జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి, చర్మం నల్లగా మాడినట్టవడం, వీటిలో ఏది కనిపించినా ఫొటోతో సరిపెట్టుకోకుండా వెంటనే వెళ్లి చూపించుకోండి.