పాఠకుల ప్రశ్నలు: నూటికి ఎందరు, ఎన్నేళ్లకు?

ఈ సంచికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో గుండె జబ్బు గురించినవే ఎక్కువ. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద కూడా రెండు వచ్చాయి. జవాబులు చాలావరకు పరిశోధనల మీదే ఆధారపడ్డాయి కనుక ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

మా నాయనకు 62 ఏళ్లు. చెరువు కట్ట ఎక్కేటప్పుడు మాత్రం రొమ్ములో బరువుగా ఉంటుంది, ఆగితే రెండు నిమిషాల్లో తగ్గుతుంది. యాంజియోగ్రామ్‌లో ఒక రక్తనాళం 80 శాతం పూడిందన్నారు, స్టెంట్ వేయాలన్నారు. స్టెంట్ వేసినా ఆయుష్షు పెరగదని పరిశోధనలో తేలిందంట, వద్దని మా బావ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? – కావలి పాఠకుడు

మీ బావగారు చెప్పిన పరిశోధన నిజమే. అయితే అది ఎవరి మీద చేశారో, ఏ ఫలితాన్ని లెక్కపెట్టారో చూడకుండా మీ నాన్నగారికి అన్వయించకూడదు.

ఆ పరిశోధన పేరు ఇస్కీమియా. 2020లో ప్రచురించారు. 37 దేశాల్లో 5,179 మందిని తీసుకున్నారు, వారిలో మన దేశం వాళ్లూ ఉన్నారు. సగం మందికి మందులతో పాటు యాంజియోగ్రామ్ చేసి, వీలైతే స్టెంటో బైపాసో చేశారు. మిగతా సగానికి ముందు మందులే ఇచ్చారు. సగటున మూడేళ్లకు పైగా గమనిస్తే మొదటి గుంపులో 145 మంది, రెండో గుంపులో 144 మంది చనిపోయారు. ప్రాణం విషయంలో తేడా లేదన్నమాట. నొప్పి విషయంలో మాత్రం తేడా స్పష్టంగా కనిపించింది. రోజూ గానీ వారానికోసారి గానీ నొప్పి వచ్చేవాళ్లలో, ఏడాది తిరిగేసరికి నొప్పి పూర్తిగా పోయినవారు మొదటి గుంపులో నూటికి 50 మంది, రెండో గుంపులో 20 మంది.

అంటే నడిస్తేనే నొప్పి వచ్చి, ఆగితే పోయే స్థిరమైన జబ్బులో స్టెంట్ పని ప్రధానంగా నొప్పి తగ్గించడం. మందులు వాడుతున్నా కట్ట ఎక్కలేక, పొలం పోలేక ఇబ్బంది పడుతుంటే వేయించుకోవడం సబబే. మందులతోనే హాయిగా తిరుగుతుంటే తొందర లేదు.

ఎవరిని ఆ పరిశోధనలో చేర్చుకోలేదన్నది ఇంకా ముఖ్యం. ఎడమ ప్రధాన రక్తనాళం సగం, అంతకు మించి పూడినవాళ్లను, గుండె పంపింగ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) 35 శాతం కంటే తక్కువున్నవాళ్లను, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లను తీసుకోలేదు. వాళ్లకు ఈ ఫలితం వర్తించదు. కనుక రిపోర్టు పట్టుకుని డాక్టరుగారిని మూడు సంగతులు అడగండి: పూడింది ఏ రక్తనాళం? పంపింగ్ ఎంత? మందులు పూర్తి మోతాదులో ఎన్ని వారాలు వాడి చూశాం?

మూడోది చాలామంది అడగరు. ఆ పరిశోధనలో 'మందులే' అంటే ఒక ఆస్పిరిన్ బిళ్ల కాదు. ఆస్పిరిన్, ఎక్కువ మోతాదు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ల), నొప్పి తగ్గించే బీటా బ్లాకర్ వంటివి, బీపీ అదుపు, పొగ మానడం అన్నీ కలిసి. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 70 లోపు ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న గురి. మన ఇళ్లలో జరిగేది వేరు. నెల వాడి, ఒళ్లు తేలిగ్గా ఉందని స్టాటిన్ ఆపేస్తారు. అలా ఆపేసిన మనిషి ఆ పరిశోధనలోని ఏ గుంపుకూ చెందడు.

స్టెంట్ వేయించుకుంటే రెండు రక్తం పలచబరిచే మందులు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి) సాధారణంగా ఆరు నెలలు తప్పక వాడాలి. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. పన్ను డాక్టరుకు ముందే చెప్పండి.

ఒక హెచ్చరిక. కూర్చున్నా నొప్పి రావడం, పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోవడం, చెమటలు పట్టడం ఉంటే పైన చెప్పిందంతా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. గుండెపోటులో మూసుకున్న నాళాన్ని తెరవడమే ప్రాణం నిలిపేది. మన దేశంలో ఇరవై వేల మందికి పైగా రోగులను చూసిన క్రియేట్ అధ్యయనంలో (2008) నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం (సగం మందికి ఇంతలోపు, సగానికి ఇంతకు మించి) 6 గంటలు. ఆసుపత్రిలోకి వచ్చాక గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి పట్టింది 50 నిమిషాలు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునే వేళ అంతా ఆ 6 గంటల్లోనే ఉంది. అదే అధ్యయనంలో నెల రోజుల్లో చనిపోయినవారు పేదల్లో నూటికి 8.2, ధనికుల్లో 5.5. అందిన చికిత్సలోని తేడాను లెక్కలోకి తీసుకుంటే ఈ అంతరం మాయమైంది. పేదవాడి గుండె వేరు కాదు, వాడికి అందిన వైద్యమే వేరు.

కొలెస్ట్రాల్ బిళ్ల చావును 30 శాతం తగ్గిస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. అంటే నూటికి ముప్పై మంది బతుకుతారనా? – ఒంగోలు పాఠకురాలు

కాదమ్మా. ఆ అంకె 1994 నాటి '4ఎస్' పరిశోధనది. గుండె జబ్బు ఉండి, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 4,444 మందిలో సగానికి సిమ్వాస్టాటిన్, సగానికి మందు లేని ఉత్త బిళ్ల ఇచ్చారు. ఐదేళ్లు దాటాక చూస్తే ఉత్త బిళ్ల వాడిన 2,223 మందిలో 256 మంది, మందు వాడిన 2,221 మందిలో 182 మంది చనిపోయారు. నూటికి 11.5 కాస్తా 8.2 అయింది. 11.5లో దాదాపు 30 శాతం తగ్గింది కనుక '30 శాతం' అన్నారు. నిజంగా తగ్గింది నూటికి సుమారు 3 మంది. అంటే ముప్పై మంది ఐదేళ్లకు పైగా వాడితే ఒక ప్రాణం అదనంగా నిలిచింది. ఇది చిన్న మేలని మేం అనుకోం. ఆ ఒక్కరు ఎవరో ముందుగా తెలియదు కనుక ముప్పై మందీ వాడాలి. ఇంకో సంగతి, ఈ లెక్క అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లది. జబ్బే లేనివారిలో చనిపోయే అవకాశమే తక్కువ గనుక అదే '30 శాతం' ఇంకా తక్కువ మందికి పనికొస్తుంది.

'ఫలానా రకం వాళ్లకు ఈ మందు పడదని తేలింది' అనే వార్తలనూ ఆచితూచి నమ్మండి. 1988లో ఐసిస్-2 అనే పరిశోధన 17,187 మంది గుండెపోటు రోగుల్లో ఆస్పిరిన్ ప్రాణం కాపాడుతుందని నిరూపించింది. ఆడవాళ్లకు ఎలా, ముసలివాళ్లకు ఎలా అని విడదీసి చూపమన్నప్పుడు ఆ పరిశోధకులు రోగులను పుట్టినరోజు రాశుల వారీగా కూడా విడదీసి చూపారు. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ కొంచెం చెడు చేసినట్టు వచ్చింది! గుంపును చిన్న ముక్కలు చేస్తూ పోతే ఉత్త యాదృచ్ఛికం కూడా నిజంలా కనిపిస్తుందని చెప్పడానికే వాళ్లు అలా చేశారు. మిథున రాశి వాళ్లు ఆస్పిరిన్ ఆపనక్కర్లేదు.

గ్రానైట్ క్వారీలో పని. ఆరు నెలల కిందట కాలి బొటనవేలి మీద రాయి పడింది, గోరు కింద నల్లగా ఉండిపోయింది. అది క్యాన్సర్ కావచ్చని ఎవరో భయపెట్టారు. – చీమకుర్తి పాఠకుడు

దెబ్బతో వచ్చిన నలుపు గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. మచ్చ వెనక అంచు దగ్గర గోటి మీద సన్నగా గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. రెండు నెలల తర్వాత మళ్లీ తీయండి. గోటి మొదట్లో తెల్లటి గోరు వచ్చి మచ్చ ముందుకు పోతుంటే అది గడ్డకట్టిన రక్తమే. కదలకపోయినా, గోటి మొదలు నుంచి చివరి దాకా నల్లచారలా ఉండి వెడల్పవుతున్నా, నలుపు గోటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకినా, గోరు చీలినా చర్మవైద్యులకు చూపించండి. మన చామన ఛాయ వాళ్లలో చాలా వేళ్లకు సన్నని చారలు ఉండటం మామూలే. పెద్ద వయసులో ఒక్క వేలికే కొత్తగా వచ్చిన చారను అనుమానించాలి.

మెలనోమా మన దేశంలో అరుదు. తెల్లజాతి వాళ్లకు ఎండ తగిలే వీపు మీద, కాళ్ల మీద ఎక్కువగా వస్తే, మనకు అరికాలు, అరచేయి, గోటి కింద వచ్చే రకం ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఆలస్యం. వరి మడిలో, రొయ్యల గుంట గట్టు మీద చెప్పుల్లేకుండా తిరిగే పాదానికి వచ్చిన నల్లమచ్చను ఆనె అనో, విరిగిన ముల్లనో అనుకుంటారు. కార్న్ క్యాప్ అంటిస్తారు, బ్లేడుతో చెక్కిస్తారు. నెలలు గడిచిపోతాయి. అరికాలి మీద అంచులు వంకరటింకరగా, 7 మిల్లీమీటర్లు దాటి, రంగు ఒకచోట ముదురు ఒకచోట లేతగా ఉన్న మచ్చ అయితే డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దగా చూపే పరికరం) చూడమనండి. అరికాలి గీతల్లో గట్ల మీద రంగు ఉంటే అనుమానం, గాడుల్లో ఉంటే సాధారణంగా మామూలు పుట్టుమచ్చ.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది అబద్ధం. వీలైతే మచ్చ మొత్తం తీయించాలి. పైపైన చెక్కితే లోతు తెలియదు. ఈ జబ్బులో భవిష్యత్తును చెప్పేది ప్రధానంగా ఆ లోతే, మిల్లీమీటర్లలో. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే చుట్టూ సెంటీమీటరు చర్మం కోస్తే చాలు, రెండు దాటితే రెండు సెంటీమీటర్లు కోయాలి. రిపోర్టులో లోతు, పుండు పడిందా లేదా రాశారో లేదో చూసుకోండి. తీసిన ముక్కను ఆసుపత్రిలో దాచే మైనపు బ్లాక్ ఎక్కడుందో కూడా తెలుసుకోండి. తర్వాత బీరాఫ్, కిట్ జన్యు పరీక్షలకు అదే కావాలి.

మా అమ్మకు మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఇప్పుడు పాదం మెలనోమా ఊపిరితిత్తులకు పాకింది, ఇమ్యునోథెరపీ ఇస్తామంటున్నారు. గుండె తట్టుకుంటుందా? – బుచ్చిరెడ్డిపాళెం పాఠకురాలు

ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఈ చికిత్సను స్టెంట్ ఉన్నంత మాత్రాన కాదనరు. ముందు మేలు సంగతి. ముదిరిన మెలనోమా ఉన్న 945 మంది మీద చేసిన చెక్‌మేట్ 067 పరిశోధనలో పదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందులూ తీసుకున్నవారిలో నూటికి 43, నివోలుమాబ్ ఒక్కటే అయితే 37, ఇపిలిముమాబ్ ఒక్కటే అయితే 19. 2010కి ముందు, జబ్బు ఇలా పాకినవాళ్లలో సగం మంది ఏడాది దాటేవాళ్లు కాదు. అయితే పాదానికి వచ్చే రకం ఈ మందులకు ఎండ వల్ల వచ్చే రకం అంత బాగా లొంగదు. ఈ అంకెలను యథాతథంగా అమ్మగారికి వేసుకోవద్దు. రెండు మందులు కలిపిన గుంపులో సగం మందికి పైగా తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చాయి. రెండా, ఒకటా అన్నది డాక్టర్లతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

గుండెకు వచ్చే ప్రమాదం మయోకార్డైటిస్. క్యాన్సర్ మీదికి ఉసిగొల్పిన రోగనిరోధక కణాలు గుండె కండరం మీద పడటం. నూటికి ఒకరికి అటూ ఇటుగా వస్తుంది, వస్తే మాత్రం ప్రాణాంతకం. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. అందుకని మొదటి డోసుకు ముందే ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్) చేయించి కాగితాలు దాచండి. తర్వాత తేడా చెప్పడానికి అవే ఆధారం. 2, 3, 4 డోసులకు ముందు ఈసీజీ, ట్రోపోనిన్ మళ్లీ చేయించాలని 2022 నాటి యూరప్ హృద్రోగ మార్గదర్శకాలు చెబుతాయి.

ఇక్కడ తికమక పడేచోటు ఒకటుంది. అమ్మగారు స్టాటిన్ వాడుతుంటారు కనుక ఒళ్లునొప్పులు వస్తే 'కొలెస్ట్రాల్ బిళ్ల వల్లే' అని వదిలేస్తారు. ఈ మందుల తర్వాత తొడలు, భుజాల నొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆయాసం, గుండెదడ ఏది వచ్చినా అదే రోజు సీకే (కండరాలు దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష), ట్రోపోనిన్ చేయించండి. మయోకార్డైటిస్ అయితే ఇమ్యునోథెరపీ ఆపి, రోజుకు గ్రాము వరకు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వెంటనే మొదలుపెడతారు. గంటలు కూడా విలువైనవే. రాత్రివేళ దగ్గర్లోని ఆసుపత్రికి పోతే అక్కడి డ్యూటీ డాక్టరుకు ఈ మందు సంగతి తెలియకపోవచ్చు. మందు పేరు, చివరి డోసు తేదీ, క్యాన్సర్ డాక్టరు ఫోను నంబరు రాసిన చీటీ అమ్మగారి దగ్గర ఎప్పుడూ ఉంచండి. షుగర్ ఉంటే స్టెరాయిడ్‌తో బాగా పెరుగుతుంది, ఆ ఏర్పాటూ చూసుకోండి.

క్లినికల్ ట్రయల్‌లో చేరమని సంతకం అడుగుతున్నారు. మా మీద ప్రయోగమా? – కొత్తపట్నం పాఠకుడు

అవును, ప్రయోగమే. కానీ కట్టుబాట్లున్న ప్రయోగం. పైన చెప్పిన ప్రతి అంకె వెనక అలా సంతకం పెట్టిన రోగులే ఉన్నారు. మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల ప్రకారం వివరాల పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. చదువు రానివారికి సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నారని మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం మీ హక్కు. సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే పట్టిక) నమోదు నంబరు అడగండి.

ఏ ఫలితాన్ని కొలుస్తున్నారో కూడా అడగండి. 1980ల చివర్లో కాస్ట్ అనే పరిశోధనలో, గుండెపోటు తర్వాత వచ్చే అపసవ్య స్పందనలను (గుండె లయ తప్పి కొట్టుకోవడాన్ని) అణచే మందులు ఇచ్చారు. ఈసీజీలు చక్కబడ్డాయి. కానీ మందు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్త బిళ్ల వాడిన 743 మందిలో 26 మంది చనిపోయారు. మీ ట్రయల్‌లో కొలిచేది రిపోర్టులోని అంకెనా, రోగి బతుకునా? ఆ జవాబు, ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు, మీ సంతకం ఉన్న పత్రం నకలు మూడూ చేతికి వచ్చాకే ఇంటికి బయల్దేరండి.