బండి కదిలినా చుక్క ఎందుకు కదలదు?

ప్రశ్న: మాది కొబ్బరికాయల వ్యాపారం. డ్రైవర్ల ఫోన్లలో ఒక ట్రాకింగ్ యాప్ పెట్టించి, వ్యాన్లు ఎక్కడున్నాయో నా ఫోన్‌లో చూసుకుంటున్నాను. ఒక డ్రైవరుకు కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కొనిచ్చినప్పటి నుంచి, అతని బండి ముక్తేశ్వరం రేవు దగ్గర అరగంటకు పైగా నిలిచిపోయినట్టు చూపి, తర్వాత ఒక్కసారిగా ద్రాక్షారామంలో కనిపిస్తోంది. ఒకరోజు గోదావరి మధ్యలో కూడా చూపింది. ఫోన్ ఆన్‌లోనే ఉందని డ్రైవరు అంటున్నాడు. జీపీఎస్ చెడిపోయిందా? ఫోన్ మార్చాలా? – ఒక పాఠకుడు, అంబాజీపేట

సమాధానం: ఫోన్ మార్చనవసరం లేదు. జీపీఎస్ చెడిపోయి ఉంటే ద్రాక్షారామంలో కూడా బండి సరిగ్గా కనిపించేది కాదు. గోదావరి మధ్యలో చూపిందన్నారు. ఆ సమయంలో బండి పంటు (బళ్లను నది దాటించే పెద్ద పడవ) మీద ఉండి ఉంటే అది తప్పు కాదు, ఫోన్ చక్కగా పనిచేస్తోందనడానికి సాక్ష్యం.

బండి జాడ మీకు చేరాలంటే మూడు పనులు వరుసగా జరగాలి. డ్రైవరు ఫోన్ తానెక్కడుందో తెలుసుకోవాలి, ఆ సంగతి యాప్‌కు అందించాలి, యాప్ దాన్ని మొబైల్ డేటా ద్వారా మీకు పంపాలి. వీటిలో ఏది ఆగినా మీకు కనిపించేది కదలని చుక్కే. అందుచేత సెట్టింగులన్నీ ఒకేసారి మార్చివేయకుండా, ఏ పని ఆగిందో ముందు తేల్చుకోండి.

అందుకు ఆ రోజు బండి నడిచిన దారిని యాప్‌లో తెరిచి చూడండి. చుక్క దూకిన తర్వాత వెనకటి దారి మలుపులతో సహా నిండి ఉంటే, ఫోన్ లొకేషన్ తీసుకుంటూనే ఉందని, సిగ్నల్ లేక దాచుకున్నదంతా సిగ్నల్ రాగానే పంపిందని అర్థం. అలా కాక, రేవు నుంచి ద్రాక్షారామం దాకా పొలాల మీదుగా దారం లాగినట్టు ఒకే గీత కనిపిస్తే, మధ్యలో యాప్‌కు లొకేషన్ అందనేలేదన్నమాట. దాచుకునే ఏర్పాటు లేని యాప్‌లో సిగ్నల్ పోయినా ఇలాంటి గీతే వస్తుంది కనుక, మరొక పరీక్ష కూడా చేయండి. ఒక ప్రయాణమంతా డ్రైవరు ఫోన్‌ను ఛార్జర్‌కు పెట్టి, యాప్ తెరిచి, స్క్రీన్ ఆరిపోకుండా ఉంచమనండి. అప్పుడు చుక్క సక్రమంగా కదిలితే, స్క్రీన్ ఆరగానే ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోందని నిశ్చయించుకోవచ్చు. మీ విషయంలో నా అనుమానం దీనిమీదనే.

2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, తెర వెనుక నడిచే యాప్‌లకు లొకేషన్ గంటకు కొన్నిసార్లు మాత్రమే అందుతుంది. మీరు చెప్పిన అరగంట విరామం దీనికి సరిగ్గా సరిపోతోంది. డ్రైవరు ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ లొకేషన్ పర్మిషన్ చూడండి. వాడుతున్నప్పుడు మాత్రమే అని ఉంటే, ‘అలౌ ఆల్ ద టైమ్’ అన్నదానికి మార్చండి. తర్వాత అదే యాప్ బ్యాటరీ పేజీలో ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్ అయి ఉంటే తీసివేయండి. కొన్ని ఫోన్లలో అది స్క్రీన్ ఆరగానే లొకేషన్‌నే ఆపేస్తుంది. ట్రాకింగ్ నడుస్తున్నంతసేపు స్క్రీన్ పైభాగాన యాప్ నోటిఫికేషన్ ఉందో లేదో కూడా గమనించమనండి. అది లేకపోతే యాప్ తెర వెనక్కి పోయి, పైన చెప్పిన పరిమితిలో పడి ఉండవచ్చు.

డ్రైవరును ఒక మాట నెమ్మదిగా అడగండి. పంటు కోసం రేవులో ఆగినప్పుడు ఫోన్ తీసి, ఛార్జింగ్ మిగులుతుందని తెరిచిన యాప్‌లన్నీ ఒక్క వేలితో తుడిచేసే అలవాటు చాలామందికి ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లలో అలా తుడిస్తే ట్రాకింగ్ కూడా పూర్తిగా ఆగిపోతుంది. ఫోన్ ఆన్‌లోనే ఉందని అతను చెప్పిన మాట నిజమే కావచ్చు, అతన్ని తప్పుపట్టవద్దు.

ఇవన్నీ సరిచేసినా చుక్క మొరాయిస్తే, అప్పుడు ఆకాశం వైపు చూడాలి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఫోన్ వాటి సంకేతాలను వింటుందే తప్ప వాటికి ఏమీ పంపదు కనుక, ఈ పనికి ఇంటర్నెట్ తప్పనిసరి కాదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. అంత దూరం నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని వ్యాను రేకు పైకప్పు అడ్డుకుంటుంది. దట్టమైన కొబ్బరితోటలో తడిసిన ఆకులు కూడా కొంత మింగేస్తాయి. ఫోన్‌ను సీటు కింద, డాష్‌బోర్డు అరలో పెట్టకుండా ముందు అద్దం దగ్గర స్టాండులో పెట్టించండి.

ప్రశ్న: రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఫొటో తీసి యాప్‌లో పంపితే, లొకేషన్ కిలోమీటరు అవతల చూపుతోంది. కారణం ఏమిటి? – ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: ఆ యాప్‌కు కచ్చితమైన లొకేషన్ ఇవ్వడానికి మీ ఫోన్‌లో అనుమతి లేనట్టుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్లలో అయితే 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి, ఉజ్జాయింపు చోటు మాత్రమే చెప్పే వీలు కల్పించారు. ఆండ్రాయిడ్‌లో ఆ ఉజ్జాయింపు దాదాపు 3 చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. యాప్ పర్మిషన్‌లో ‘ప్రిసైస్ లొకేషన్’ ఆన్ చేయండి. ఆ తర్వాత గట్టు మీద ఆరుబయటే నిలబడి, మ్యాప్ తెరిచి, నీలం చుక్క చుట్టూ ఉన్న లేత వలయం చిన్నదయ్యేదాకా ఆగి ఫొటో తీయండి. వలయం ఎంత పెద్దదైతే ఫోన్‌కు అంత సందేహం ఉన్నట్టు. డేటా అందని చోట, ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే వివరాలను ఫోన్ ఆ ఉపగ్రహం నుంచే అందుకోవాలి, అందుకు సుమారు అర నిమిషం పడుతుంది.

ఆరుబయట కూడా ఫోన్‌లో సుమారు 5 మీటర్ల తేడా మామూలే. ఫొటోకు అది చాలును గానీ, పక్క చెరువు వారితో గట్టు హద్దు తగవు ఉంటే ఫోన్ చుక్కను ఆధారంగా చూపకండి. దానికి సర్వేయరుతో కొలిపించుకోవలసిందే.