సెల్లార్ నీళ్లు తోడే పనికి రేటా? గంట లెక్క మాత్రం పెట్టుకోకండి

హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర ఒకాయన రెండు డీజిల్ పంపులతో వానాకాలం సెల్లార్లలో నీళ్లు తోడే పని మొదలుపెడదామనుకుంటున్నారట. పక్కవాళ్లు గంటకు 500 తీసుకుంటున్నారు కాబట్టి తాను 450 పెడితే గిరాకీ వస్తుందా అని ప్రశ్న. పంపు సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా అని చివర్లో ఇంకోటి. ఎల్బీ నగర్ వైపు ఇదే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. 450 పెడితే గిరాకీ తప్పకుండా వస్తుంది. డబ్బులే రావు.

ఒక్క ట్రిప్పు లెక్క చూడండి. రాత్రిపూట వానలో ట్రాలీ ఆటో 1,200కి తక్కువ రాదు. ఇద్దరు కుర్రాళ్లు, మనిషికి 1,000, టీలు టిఫిన్లు వేరే. 5 హెచ్‌పీ ఇంజన్ గంటకు లీటరు డీజిల్ తాగుతుంది, నాలుగు గంటలకు ఓ 400 వేసుకోండి. అక్కడికే 3,600 మీ జేబులోంచి పోయాయి. గంటకు 450 చొప్పున నాలుగు గంటలకు వచ్చేది 1,800. మిగతా సగం మీరు ఆ అపార్ట్‌మెంటుకు దానం చేసినట్టు.

అసలు ఎన్ని గంటలు పడుతుందో కూడా ముందు లెక్క వేసుకోవాలి. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న సెల్లార్లో రెండడుగుల నీళ్లంటే 4,800 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైమాట, మొత్తం 1,36,000 లీటర్ల దాకా. మూడంగుళాల పైపు పట్టే పంపు మీద గంటకు 60,000 లీటర్లని రాసి ఉంటుంది. అది షాపువాడి మాట. వంద అడుగుల పైపు వేసి, ర్యాంపు మీదుగా రోడ్డు దాకా ఎత్తితే 40,000 వస్తే గొప్ప. అంటే మూడున్నర గంటలు. పైపులు పరవడానికి, ప్రైమింగ్‌కి (పంపులో ముందు నీళ్లు పోసి గాలి పోగొట్టడానికి), చివర్లో అన్నీ చుట్టుకోవడానికి ఇంకో గంట. ఈ గంటకు ఎవరూ డబ్బులివ్వరు. ‘మోటారు ఆడలేదు కదన్నా’ అంటారు.

గంట లెక్క నేనెందుకు వదిలేశానో చెప్పాలంటే 2020 అక్టోబర్ సంగతి చెప్పాలి. 13వ తేదీ రాత్రి పడ్డ వాన హైదరాబాద్‌లో ఉన్న ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. సరూర్‌నగర్ చెరువు కింద కాలనీల్లో నడుములోతు నీళ్లు. అక్కడే ఒక అపార్ట్‌మెంటు సెక్రటరీ రాత్రి ఫోన్ చేసి, ఎంతైనా సరే రమ్మన్నాడు. గంటకు 600 అన్నాను, సరే అన్నాడు. తెల్లారాక గానీ వెళ్లలేకపోయాం, దారంతా నీళ్లే. చూస్తే సెల్లార్లో నాలుగడుగులు. ఒక కారు తేలుతూ వచ్చి లిఫ్ట్ తలుపుకు ఆనుకుని ఉంది. కరోనా రోజులు, అందరికీ ఇంటి నుంచే ఆఫీసు పని. కరెంటు లేదు, ల్యాప్‌టాప్‌లు ఆగిపోయాయి, చేసేదేమీ లేక మాస్కులేసుకుని అందరూ బాల్కనీల్లో నిలబడి మా పనే చూస్తున్నారు.

రోడ్డు మీద నీళ్లు ఇంకా ర్యాంపులోకి దిగుతూనే ఉన్నాయి. ముందు ర్యాంపు నోటికి ఇసుక బస్తాలు అడ్డం వేయించండి, తర్వాత ఇంజన్ వేస్తాను అని చెప్పాను. సెక్రటరీ వినలేదు. రోడ్డు నీళ్లు అవే తగ్గుతాయి, మీరు మొదలుపెట్టండి అన్నాడు. మొదలుపెట్టాం. మేం రోడ్డు మీదికి తోడుతున్నాం, రోడ్డు సెల్లార్లోకి పోస్తోంది. రెండు గంటలైనా గోడ మీద తడి గీత దిగలేదు. అప్పుడు మొదలైంది పంచాయతీ. నీళ్లు తగ్గనప్పుడు గంట ఎలా లెక్కేస్తారని మూడో అంతస్తు ఆయన పైనుంచే అరిచాడు. ఇంజన్ తిరిగింది కదా సార్, డీజిల్ కాలింది కదా అంటే, అది మీ సమస్య అన్నాడు.

ఇంతలో రెండో అంతస్తు నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు అంకుల్ సుద్దముక్కతో దిగాడు. పిల్లర్ మీద అంగుళానికో గీత గీస్తాను, దిగిన అంగుళాలకు డబ్బులిద్దాం, గొడవే ఉండదన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది కదా? పని తెలిసినవాడెవడూ ఒప్పుకోడు. పైన మూడున్నర అడుగులు జోరుగా దిగుతాయి. చివరి ఆరంగుళాల దగ్గర నీళ్లు లాగే సక్షన్ పైపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది, బురద ఆ పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్‌కు అడ్డం పడుతుంది, ప్రైమింగ్ పోతుంది, మళ్లీ నీళ్లు పోసి మొదలుపెట్టాలి. పై రెండడుగులకు పట్టినంత సేపూ ఆ ఆరంగుళాలకు పడుతుంది. చివరికి వాచ్‌మన్, మా కుర్రాళ్లు కలిసి పక్కన కడుతున్న బిల్డింగ్ నుంచి ఇసుక బస్తాలు తెచ్చి అడ్డం వేశారు. అప్పటినుంచి గీత దిగింది, సాయంత్రానికి నేల కనబడింది. డబ్బులిచ్చేటప్పుడు బస్తాలు వేయకముందు గంటలన్నీ కోసేశారు. మిగతాది మెయింటెనెన్స్ వసూలయ్యాక ఇస్తామన్నారు. కోటి రూపాయల ఫ్లాట్లు, పంపువాడి దగ్గర ఉద్దెర!

17వ తేదీ రాత్రి మళ్లీ కుమ్మేసింది. అదే సెల్లార్, అదే సెక్రటరీ, మళ్లీ ఫోన్. ఈసారి గంటల ఊసెత్తలేదు. మొత్తం పనికి 8,000, సగం ముందు ఫోన్‌లో వేయాలి, ర్యాంపుకు బస్తాలు వేసి ఉంటేనే ట్రాలీలోంచి ఇంజన్ దించుతాను, పాత బాకీ కూడా ఇప్పుడే తీర్చాలి అన్నాను. ఫోన్ పెట్టేలోపు డబ్బులు పడ్డాయి. గంటకు 600 దగ్గర కొట్లాడినవాళ్లే 8,000 దగ్గర నోరెత్తలేదు. గంట రేటు పెడితే వాళ్లు గడియారం పట్టుకుని నిలబడతారు. మొత్తం రేటు చెబితే నీళ్లెప్పుడు పోతాయా అని మాత్రమే చూస్తారు.

ఆ రాత్రుల్లో పక్క గల్లీలో ఒకాయన మామూలు రేటుకు మూడింతలు వసూలు చేశాడు. అది పాపమని నేననను, వానలో ప్రాణం పెట్టి పనిచేసేవాడికి ఎంతైనా తక్కువే. కానీ ఆయన పేరు కాలనీ వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరిగింది, తర్వాతి ఏడాది ఎవరూ పిలవలేదు. అందుకే నేను గట్టిగా చెప్పేది, వాన పడుతుండగా రేటు మాట్లాడకూడదు. అప్పుడు చెప్పేది ఎంతైనా వాళ్లకు దోపిడీలాగే కనబడుతుంది. రేటు మే నెలలో, ఎండలో, అసోసియేషన్ మీటింగులో కూర్చుని తేల్చుకోవాలి.

మా బావమరిది అమెరికాలో బఫెలోలో ఉంటాడు. ఏడాదికి సగటున 95 అంగుళాల దాకా మంచు పడే ఊరు. ఇంటి ముందు మంచు తీసేవాడికి చలికాలం మొదలవకముందే సీజన్ మొత్తానికి డబ్బు కట్టేస్తాడు. మంచు రెండు మూడంగుళాలు దాటిందంటే ఫోన్ చేయకుండానే అతను వచ్చి తీసిపోవాలి. ఆ ఏడాది తక్కువ పడితే డబ్బు వెనక్కి రాదు, మంచు కరగడానికి ఉప్పు చల్లితే దానికి వేరే. వచ్చిన ప్రతిసారికీ ఇంత అని తీసుకునేవాళ్లూ ఉన్నారట, కానీ వాళ్లకు మంచు పడని ఏడాది బండి వాయిదాలు కట్టడమే కష్టం. మన పనీ అంతే. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానాకాలమే గానీ, సెల్లార్ నిండే వాన నాలుగైదు సార్లు పడితే ఎక్కువ. మిగతా రోజుల్లో పంపు షెడ్డులోనే ఉంటుంది, షెడ్డు అద్దె మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది.

నా రేటు చెప్తాను, మీ ఏరియాను బట్టి సర్దుకోండి. 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు సీజన్‌కు 12,000. ఫ్లాటుకు 400 పడుతుంది, ఒక్క పిజ్జా ఖర్చు. అందులో మూడుసార్లు వస్తాను, నాలుగోసారి నుంచి ట్రిప్పుకు ఇంతని వేరే. సీజన్ డబ్బు కట్టనివాళ్లు పిలిస్తే కొలతలడిగి మొత్తం రేటు చెప్తాను, కానీ వాళ్ల వంతు చివర్లోనే. లిఫ్ట్ గుంతలో నీళ్లు, బురద ఎత్తడం, సంపు కడగడం దేనికది వేరే రేటు, కాగితం మీద ముందే రాసి ఉంటుంది. రాయకపోతే అన్నీ ఆ 12,000లోనే చేయించుకుంటారు, టీ కూడా ఇవ్వరు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. వాన అందరి సెల్లార్లలోకీ ఒకే రాత్రి వస్తుంది. రెండు పంపులున్నవాడు ఇరవై అపార్ట్‌మెంట్ల దగ్గర డబ్బు తీసుకుంటే ఆ రాత్రే దొరికిపోతాడు. ఆరేడుకు మించి ఒప్పుకోకండి, అవీ మూడు నాలుగు కిలోమీటర్ల లోపే ఉండాలి. ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్న వరుస కూడా మేలోనే రాసివ్వండి. ఉప్పల్‌లో ఉన్నవాళ్లు కొండాపూర్ గిరాకీ ఒప్పుకుంటే వానలో ట్రాఫిక్‌లోనే తెల్లారుతుంది.

ఇంజన్‌ను ఎప్పుడూ సెల్లార్లోకి దించొద్దు. పొగ నిండితే మనుషులు పోతారు. ఇంజన్ ర్యాంపు పైనే ఉండాలి, సక్షన్ పైపే లోపలికి పోవాలి. కరెంటు మెయిన్ ఆపారని మీ కళ్లతో చూశాకే కుర్రాళ్లను నీళ్లలోకి దింపండి, వాచ్‌మన్ మాట నమ్మొద్దు. ఇదీ రేటు సంగతే. పైపు పొడవు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, దాన్ని బేరంలో తగ్గించకండి.

ఇక కోపం ఎవరి మీదంటే, రోడ్లు వేసేవాళ్ల మీద. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త తారు పోస్తూ పోతారు. కొన్నప్పుడు రోడ్డుకు ఎత్తుగా ఉన్న అపార్ట్‌మెంటు కొన్నేళ్లకు రోడ్డు కిందికి పోతుంది, ర్యాంపు నోరు రోడ్డుకు సమానమవుతుంది. బిల్డర్లు నాలా పక్కన, చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, సెల్లార్లు తవ్వుతారు. ర్యాంపు మొదట్లో ఒక్క అడుగు ఎత్తు దిమ్మె కట్టమంటే కార్లు గీసుకుంటాయంటారు. ఆ దిమ్మె ఉంటే సగం పిలుపులు నాకు రావు. అయినా ప్రతి మీటింగులో అదే చెప్తాను, ఎవరూ కట్టరు.

సెకండ్ హ్యాండ్ పంపు కొనొచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడండి, నల్లపొగ ఆగకుండా వస్తే వదిలేయండి. పంపు వైపు సీల్ దగ్గర కారుతుంటే నీళ్లు లేకుండా తిప్పి ఉండొచ్చు. సక్షన్ పైపు, ఫుట్‌వాల్వ్ మాత్రం కొత్తవే తీసుకోండి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అన్ని సైజులూ దొరుకుతాయి. పైపు మందమైనదే అడగండి, పల్చటిది పీల్చేటప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది.