లక్క బొమ్మలకు ఇన్‌స్టాగ్రామ్ అంగడి

ప్రశ్న: మేము ఏటికొప్పాక లక్క బొమ్మలు చేస్తాం. ఇన్‌స్టాగ్రామ్‌లో తరచూ ఫొటోలు పెడుతున్నా ఆర్డర్లు రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

జవాబు: తయారైన బొమ్మను మాత్రమే చూసినవారికి దాని వెనకున్న పనితనం తెలియదు కాబట్టి, లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనించినప్పుడు ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకోవడాన్ని, ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెట్టడాన్ని పగటి వెలుతురులో, బాగా దగ్గర నుంచి అర నిమిషం రీలుగా తీయండి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక ఉత్పత్తి అని చాటే జీఐ ట్యాగ్) లభించిన సంగతిని ప్రొఫైల్‌లో తప్పక రాయండి. ధర, కొలత, కొరియర్ ఖర్చు పోస్టులోనే ఉండాలి. ధర కోసం మెసేజ్ పెట్టమంటే, మొహమాటపడి వెళ్లిపోయేవారుంటారు. ఆర్డర్లను వాట్సాప్ బిజినెస్ యాప్‌లో వస్తువుల ఫొటోలు, ధరలు చూపే క్యాటలాగ్‌కు మళ్లించి, డబ్బు ఖాతాలో పడిందని స్వయంగా చూసుకున్నాకే పార్శిల్ పంపండి.