కలువ ఆకులే వేస్తోంది, పువ్వేదీ?

ప్రశ్న: పెరట్లో మామిడి చెట్టు కింద సిమెంటు తొట్టి కట్టించి, నీలం కలువ పెట్టాం. మధ్యలో చిన్న ఫౌంటెన్. కుండీలో వర్మీకంపోస్టు, కోకోపీట్ కలిపి నాటాం. ఏడాదైనా మొగ్గ లేదు. నీళ్ళు పచ్చబడుతున్నాయని వారం వారం మారుస్తున్నాం. దోమలని పక్కింటివాళ్ళ గొడవ వేరే. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, జె.పి.నగర్, బెంగళూరు

జవాబు: అసలు సంగతి మీ మొదటి వాక్యంలోనే ఉందమ్మా. కలువకు రోజూ ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో ఆకులు వేస్తుంది గానీ మొగ్గ తొడగదు. మామిడిని కొట్టించమని నేను చెప్పను, చెప్పినా మీ ఇంట్లో ఒప్పుకోరు. కుండీని తీసి మేడ మీద అడుగున్నర లోతున్న టబ్బులో దించండి. మల్లేశ్వరంలో మా కలువలన్నీ అలా టబ్బుల్లోనే పూస్తున్నాయి. తొట్టిలోనే పూయాలని పట్టుదల ఉంటే 'డౌబెన్' రకం అడగండి. మూడు నాలుగు గంటల ఎండతో సరిపెట్టుకుంటుంది. పైగా దాని ఆకు మధ్యలోనే పిల్ల మొక్క పుడుతుంది. గొడవపడే పక్కింటివాళ్ళకు ఒకటి ఇవ్వొచ్చు!

కలువ ఉన్నచోట ఫౌంటెన్ వద్దు. ఈ ఆకు గాలి పీల్చే రంధ్రాలు పైవైపునే ఉంటాయి. రోజంతా తుంపర పడితే దానికి పడదు.

ఇక మట్టి. కోకోపీట్ తేలిపోతుంది, వర్మీకంపోస్టు నీళ్ళలో కుళ్ళి నాచుకు విందు భోజనం అవుతుంది. మీ నీళ్ళు పచ్చబడేది అందుకే. మన ఎర్రమట్టిలో బంకమట్టి కలిపి నాటి, పైన గులకరాళ్ళు పరవండి. ఎరువు బిళ్ళను కాగితంలో చుట్టి మట్టి లోపలికి గుచ్చండి, నీళ్ళలో చల్లకండి. డిసెంబరు, జనవరి చలిలో ఎరువు మానేయండి, అప్పుడు మొక్క మందగిస్తుంది.

నీళ్ళు మార్చడం ఆపండి. తగ్గినంత పోస్తే చాలు. ఆకులు నీటిని సగానికి పైగా కప్పితే ఎండ అందక నాచు అదే తగ్గుతుంది.

దోమలకు మందులు వద్దు, టబ్బుకు నాలుగైదు గప్పీ చేపలు చాలు, పిల్లపురుగులను తినేస్తాయి. అవి ఎక్కువైతే చెరువులో మాత్రం వదలకండి.

పూసిన పువ్వు మూడు నాలుగు రోజులకు నీళ్ళలో మునిగిపోతుంది. అది జబ్బు కాదు. కుళ్ళకముందే కాడతో సహా తుంచేయండి.